రెండోసారి క్లీన్ ఇన్‌స్టాల్: ఒక దస్తావేజు లేఖరి కంప్యూటర్ కేసు

నేపథ్యం

ఈ కేసు ఒక చిన్న పట్టణంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్క సందులో ఉన్న దస్తావేజు లేఖరి కార్యాలయానిది. ఊరినీ మనుషులనూ గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. అక్కడ లేఖరి గారు ముసాయిదా చెబుతారు. ఏళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న టైపిస్టు దాన్ని కూర్చి ప్రింటు తీస్తారు. క్రయ దస్తావేజులు, దాన పత్రాలు, భాగ పరిష్కారాలు, వీలునామాలు, వచ్చిన పార్టీల వివరాలు రాసుకునే ఎక్సెల్ రిజిస్టరు, అన్నీ ఒకే డెస్క్‌టాప్ మీద నడుస్తాయి.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. ఆ కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంది, ప్రాసెసర్ కూడా విండోస్ 11కు సరిపోతుంది కాబట్టి కొత్తది కొనాల్సిన అవసరం లేకపోయింది. స్థానికంగా సర్వీసు చేసే ఒక టెక్నీషియన్ కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, దాని మీద విండోస్ 11ను మొదటి నుంచి కొత్తగా ఎక్కించి (క్లీన్ ఇన్‌స్టాల్ అంటే ఇదే), పాత హార్డ్ డిస్కును రెండో డ్రైవుగా ఉంచి వెళ్లారు. పాత డిస్కును ఫార్మాట్ చేయకుండా వదలడం ఆయన చేసిన మేలు. ఆ ఒక్క కారణంగానే ఈ కేసు చక్కబడింది.

ఫైలు ఒక్కటి కూడా పోలేదు. అయినా ఆఫీసులో దస్తావేజు తయారు కావడం ఆగిపోయింది.

వచ్చిన సమస్య

నాకు ఫోనులో చెప్పింది ఒక్క ముక్కే: తెలుగు అంతా పిచ్చి అక్షరాలుగా కనిపిస్తోందని. వెళ్లి చూస్తే దాని వెనక మూడు నాలుగు వేర్వేరు సమస్యలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

మొదటిది ఫాంట్లది. వాళ్ల పాత దస్తావేజుల్లో అధిక భాగం అను ఫాంట్లలో ఉన్నాయి. ఇవి యూనికోడ్‌కు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న ఇప్పటి పద్ధతికి, ముందు తరానివి; ఇంగ్లీషు అక్షరాలకూ, చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాలకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, వత్తుల ముక్కలు కూర్చి పెట్టినవి. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు లేనప్పుడు అదే ఫైలు అర్థం లేని ఇంగ్లీషు గజిబిజి. ఫైలుకు ఏమీ కాలేదని మనకు తెలుసు కానీ, ఎదురుగా పార్టీలను కూర్చోబెట్టుకున్న టైపిస్టుకు అలా అనిపించదు. ఆవిడ కంగారులో కొన్ని ఫైళ్లు తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, ఫాంటును గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటుకు మార్చి సేవ్ చేశారు. అసలు నష్టం అక్కడ జరిగింది. అంతవరకూ ఏ ముక్క తెలుగు, ఏ ముక్క ఇంగ్లీషు అన్న సమాచారం ఫాంటు పేరులోనే ఉండేది. ఇంగ్లీషులో టైపు చేసిన కంపెనీ పేర్లకూ, ఖాతా నంబర్లకూ తెలుగు భాగానికీ ఒకే ఫాంటు పడేసరికి ఆ తేడా చెరిగిపోయింది. తిరిగి అను ఫాంటు వేస్తే తెలుగు వస్తుంది, ఇంగ్లీషు చెడుతుంది.

రెండోది కొత్త తరం ఫైళ్లది. యూనికోడ్‌లో, గౌతమి ఫాంటులో టైపు చేసినవి చదవడానికి బాగానే ఉన్నాయి కానీ పేజీలు జరిగిపోయాయి. గౌతమి విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న ఫాంటు. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల వచ్చాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండింటినీ తెలుగు అదనపు ఫాంట్ల ప్యాకేజీలోకి మార్చారు. శుభ్రంగా ఎక్కించిన యంత్రంలో అవి అడిగితే తప్ప రావు. అవి లేనప్పుడు వర్డ్ నిర్మలతో సరిపెడుతుంది. అక్షరం వెడల్పూ వరుసల ఎడమూ మారతాయి కాబట్టి నాలుగు పేజీల దస్తావేజు అయిదో పేజీలోకి రెండు వరుసలు కారుతుంది. ప్రతి పేజీ అడుగునా సంతకాలు పెట్టించాల్సిన కాగితానికి ఇది చిన్న విషయం కాదు.

మూడోది ప్రింటరు. మొదటి పేజీ స్టాంపు కాగితం మీద పడాలి, ముద్ర ఉన్న పై భాగం వదిలి కింద మొదలవ్వాలి. ప్రింటు ముద్ర మీదికి ఎక్కి స్టాంపు కాగితం పాడైంది. పాడైన స్టాంపు కాగితానికి డబ్బు ఎవరిస్తారన్న మాట దగ్గర ఆఫీసులో కాస్త వేడి పుట్టింది కూడా.

నాలుగోది ఎవరూ ఫిర్యాదు చేయనిది. ఎక్సెల్ రిజిస్టరు తెరిచి చూస్తుంటే తేదీల వరుసలో కొన్ని కుడివైపు ఆనుకుని, కొన్ని ఎడమవైపు ఆనుకుని ఉన్నాయి. ఎక్సెల్‌లో తేదీ అనేది లోపల ఒక సంఖ్య. సంఖ్య కుడికి ఆనుతుంది, ఎక్సెల్ తేదీగా గుర్తించలేనిది ఎడమకు ఆనుతుంది. ఇన్‌స్టాల్ సమయంలో ప్రాంతం అమెరికా అని వదిలేశారు. ఆ అమరికలో 17-06-2025 అని కొడితే పదిహేడో నెల లేదు కాబట్టి అది ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. 05-06-2025 అని కొడితే మే నెల ఆరో తేదీగా లోపలికి పోయి, తెర మీద మాత్రం 5/6/2025 అని, టైపిస్టు అనుకున్నట్టే కనిపిస్తుంది. పైన చెప్పిన మూడూ కంటికి కనిపించే చెడు, ఇది కనిపించని చెడు. అందుకే దీన్నే అన్నిటికన్నా ప్రమాదకరమని లెక్కవేశాను. పన్నెండు లక్షల యాభై వేలు 12,50,000 అని కాకుండా 1,250,000 అని పడటం మాత్రం లేఖరి గారు చూశారు, అది ఎక్సెల్ కొత్త వెర్షన్ పద్ధతి కాబోలు అనుకున్నారు.

మొదట ప్రయత్నించినవి, ఫలించనివి

నేను వెళ్లేసరికే టైపిస్టు గారి అబ్బాయి అను ఫాంట్లు ఎక్కడి నుంచో తెచ్చి ఒక్కొక్కటీ తెరిచి ఇన్‌స్టాల్ నొక్కాడు. వర్డ్‌లో పాత ఫైళ్లు తెలుగులో కనిపించాయి, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజీమేకర్‌లో మాత్రం ఫాంటు జాబితాలోకే రాలేదు. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి అలా నొక్కిన ఫాంటు ఆ ఒక్క యూజరు ఖాతాలోకే వెళుతుంది, విండోస్ ఉమ్మడి ఫాంట్ల ఫోల్డరులోకి వెళ్లదు. పాతకాలపు ప్రోగ్రాములు కొన్ని ఆ ఉమ్మడి ఫోల్డరునే చూస్తాయి. ఫాంటు మీద కుడి బటన్ నొక్కి యూజర్లందరికీ ఇన్‌స్టాల్ చేయమని ఎంచుకోవాలి. అది చేస్తే పేజీమేకర్ ఒప్పుకుంది, కానీ తెచ్చిన ఫాంట్లు వాళ్ల పాత యంత్రంలోని వెర్షనువి కావు. కొన్ని సంయుక్తాక్షరాల దగ్గర వత్తు పక్కకు జరిగి పడింది.

పాత డిస్కులోని ఫాంట్లే తెచ్చుకుందామంటే ఇంకో చిక్కు. ఎక్స్‌ప్లోరరులో పాత డిస్కు ఫాంట్ల ఫోల్డరు తెరిస్తే అది ఇప్పుడు నడుస్తున్న విండోస్ ఫాంట్లనే చూపిస్తుంది, ఆ ఫోల్డరుకు ఉన్న ప్రత్యేక గుర్తింపు అలాంటిది. చాలామంది అక్కడ చూసి పాత ఫాంట్లు పోయాయని నిర్ధారించేస్తారు. కమాండ్ ప్రాంప్ట్ నుంచి రోబోకాపీ అనే కాపీ ఆదేశంతో తీస్తే అసలు ఫైళ్లు వచ్చాయి.

పాత దస్తావేజులన్నీ యూనికోడ్‌లోకి మార్చేద్దామని లేఖరి గారు అడిగారు. మార్చే పనిముట్లు ఉన్నాయి, రెండు మూడు ఫైళ్ల మీద నడిపి చూపించాను కూడా. మామూలు రాతకు అవి చాలా బాగా పనికొస్తాయి. అయితే హద్దుల పట్టికలో, ఇంటిపేర్లలో ఒక వత్తు తప్పినా అది వేరే మనిషి పేరవుతుంది. రిజిస్టరైన కాగితానికి నకలుగా ఉంచుకున్న ఫైలును యంత్రం చేత మార్పించి, ఆ మార్పును ఎవరూ పూర్తిగా చదవకపోతే, ఉన్నదాని కన్నా అధ్వానం. కాబట్టి పాతవి పాత ఫాంటులోనే ఉండాలనీ, వాటికి పీడీఎఫ్ ప్రతులు తీసి పక్కన ఉంచాలనీ, కొత్త పని మాత్రమే యూనికోడ్‌లో జరగాలనీ తేల్చుకున్నాం.

ఆ తర్వాత ఉన్న ఇన్‌స్టాల్‌నే సరిచేయాలా, మళ్లీ ఎక్కించాలా అన్న ప్రశ్న. ఒకసారి ఎక్కించిన దాన్ని తీసేయమనడం ఎవరికీ నచ్చదు, డబ్బు ఇచ్చిన వాళ్లకు అసలే నచ్చదు. అందుకని మొదట సరిచేయడానికే చూశాను. మూడు విషయాలు ఎదురొచ్చాయి.

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా రెండు విండోస్‌ల పేర్లు చూపించి ఏది కావాలని అడుగుతోంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ తీయలేదన్నమాట. అప్పటికే ఒక డిస్కులో బూట్ విభాగం, అంటే విండోస్‌ను లేపే భాగం, ఉంటే విండోస్ సెటప్ కొత్త డిస్కులో వేరేగా సృష్టించకుండా దాన్నే వాడుకోవచ్చు. పాత డిస్కు కేబుల్ తీసి చూస్తే ఎస్ఎస్‌డీ ఒంటరిగా లేవనే లేదు. అంటే ఏళ్ల తరబడి తిరిగిన హార్డ్ డిస్కు ఏ రోజు ఆగిపోతే ఆ రోజు కొత్త విండోస్ కూడా ఆగిపోతుంది. ఇది ఒక్కటే అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీబూట్ అనే ఆదేశంతో సరిచేయవచ్చు.

రెండోది, యూజరు ఫోల్డరు పేరు వీళ్లెవరి పేరూ కాదు. విండోస్ 11 మొదటి తెరల్లో మైక్రోసాఫ్ట్ ఖాతా అడిగినప్పుడు పని త్వరగా కావాలని టెక్నీషియన్ తన ఖాతాతోనే లోపలికి వెళ్లారు. ఈమెయిల్ మొదటి అయిదు అక్షరాలు ఫోల్డరు పేరయ్యాయి. ఆ ఖాతాతో పాటు వన్‌డ్రైవ్ బ్యాకప్ కూడా ఆన్ అయింది, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు ఆయన ఖాతాకు ఎక్కుతున్నాయి. డెస్క్‌టాప్ మీద ఏమున్నాయో చెప్పనక్కర్లేదు: పార్టీల ఆధార్ కార్డుల స్కానులు, పాన్ కార్డులు, పాస్‌బుక్కులు. ఆయనకు దురుద్దేశం ఉందని నేను అనుకోలేదు, ఈ ఎక్కడం సంగతి ఆయనకే తెలియదు. కానీ ఆ కాగితాలు అక్కడ ఉండకూడదు.

మూడోది, దొంగ లైసెన్సుతో నడిచే టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించారు, అది నడవడానికి విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేశారు. ఆ ఇన్‌స్టాలరు ఇంకేమేం చేసిందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మొదటి రెండింటికీ మరమ్మతు ఉంది, దీనికి లేదు. నమ్మకం లేని పునాది మీద గంటలకొద్దీ సర్దుబాట్లు చేయడం కన్నా మళ్లీ మొదలుపెట్టడమే తక్కువ పని అని లేఖరి గారికి వివరించాను, ఆయన ఒప్పుకున్నారు.

ఫలించిన పద్ధతి

ఎక్కించడానికి ముందు చేసిన పని ఒకటుంది, ఈ కేసు రాయడానికి కారణం అదే. పాత డిస్కు పూర్తి ఇమేజ్‌ను, అంటే మొత్తం డిస్కు నకలును, బయటి డిస్కులోకి తీసుకున్నాక, ఇంటర్నెట్ తీగ పీకేసి, పాత విండోస్ 10ను దాని డిస్కు నుంచే లేపాను. టైపిస్టు గారిని కూర్చోమని, మామూలుగా ఒక క్రయ దస్తావేజు మొదటి నుంచి ప్రింటు దాకా చేసి చూపించమన్నాను. మీకు ఏమేం కావాలని అడిగితే వర్డ్, ప్రింటరు, తెలుగు అంటారు. ఏమేం వాడతారో చేతులు చూస్తేనే తెలుస్తుంది.

ఆవిడ రెండక్షరాలు కొట్టి స్పేస్ బార్ నొక్కితే హద్దుల వివరం మొత్తం, తూర్పు దక్షిణం పడమర ఉత్తరం ఖాళీలతో సహా, పేజీలో పడింది. ఇంకో రెండక్షరాలకు "నేటి దినం మీకు స్వాధీనపరచడమైనది" అన్న పేరా. ఇలాంటివి డజన్ల కొద్దీ ఉన్నాయి. అవి వర్డ్ ఆటోకరెక్ట్‌లో ఏళ్లుగా చేర్చుకున్నవి. ఫాంటూ రూపమూ లేని ఉత్త అక్షరాలైతే యూజరు యాప్‌డేటా ఫోల్డరులో ఏసీఎల్ అన్న ఫైలులో ఉంటాయి. ఫాంటుతో సహా దాచుకున్నవైతే వర్డ్ కొత్త ఫైళ్లకు మూసగా వాడే నార్మల్ టెంప్లేటు లోపల ఉంటాయి. అను ఫాంటు లేకుండా ఆ ముక్కలకు అర్థం లేదు కాబట్టి ఆవిడవన్నీ రెండో రకమే. డాక్యుమెంట్స్ ఫోల్డరును ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా ఇవి రావు. ఆవిడ కూడా వీటిని ఫైళ్లని అనుకోలేదు, తన టైపింగ్ వేగం అనుకున్నారు. కొత్త యంత్రంలో "కీబోర్డు మందంగా ఉంది" అని ఆవిడ అన్న ఫిర్యాదుకు అర్థం అప్పుడు తెలిసింది.

ఆ ఒక్క దస్తావేజులోనే మిగతావీ బయటపడ్డాయి. కీబోర్డు యాపిల్ అనే తెలుగు టైపింగ్ లేఅవుట్. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో స్టాంపు కాగితం కొలతతో ఎవరో ఎప్పుడో తయారుచేసిన ఫారం ఒకటి. అది ప్రింటరు డ్రైవరులో ఉండదు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది. కొత్త విండోస్‌లో ఆ ఫారం లేక డ్రైవరు లెటర్ సైజుకు దిగింది. లెటర్ 279 మిల్లీమీటర్ల పొడవు, ఏ4 297. ఆ తేడాను సర్దడానికి వర్డ్‌లో ఒక ఐచ్ఛికం మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది, అది పేజీని కుదిస్తుంది. స్టాంపు మీదికి ప్రింటు ఎక్కింది ఇలాగే. ఫారం కొలతలు కాగితం మీద రాసుకున్నాను.

ఆవిడ చూపించనివి, అంటే నెలకోసారి వాడేవి, రిజిస్ట్రీ నుంచి తీశాను. పాత డిస్కులోని సాఫ్ట్‌వేర్ హైవ్ అనే రిజిస్ట్రీ ఫైలును కొత్త విండోస్ రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోడ్ చేస్తే అక్కడ ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితా మొత్తం చదవవచ్చు. 32 బిట్ ప్రోగ్రాములు వేరే కొమ్మ కింద ఉంటాయని గుర్తుంచుకోవాలి, లేకపోతే సగం జాబితాయే కనిపిస్తుంది.

ఇక ఎక్కించడం. బాగులేని ఇన్‌స్టాల్ మీద చేసిన పని ఫైళ్లను పక్కకు తీసి, స్కాన్ చేసి, పాత డిస్కు కేబుల్ తీసేశాను. బయాస్‌లో ఆపి ఉన్న సెక్యూర్ బూట్‌ను (నమ్మదగిన విండోస్‌నే లేవనిచ్చే భద్రతా అమరిక) ఆన్ చేశాను. అది ఆగి ఉండటం ఒక రకంగా కలిసొచ్చింది: ఇప్పటి విండోస్ 11 మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లగానే డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెడుతుంది, సెక్యూర్ బూట్ లేకపోతే చేయదు. చేసి ఉంటే 48 అంకెల రికవరీ తాళం టెక్నీషియన్ ఖాతాలో ఉండేది. ఈసారి లేఖరి గారి సొంత ఖాతాతో వెళ్లాం, ఎన్‌క్రిప్షన్ ఉంచాం. ఆధార్ స్కానులున్న డిస్కు దొంగతనానికి పోతే కలిగే నష్టం పెద్దది. తాళం పోతే కలిగే నష్టమూ పెద్దదే కానీ, దాన్ని ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోవచ్చు. దస్తావేజు లేఖరి ఇంట్లో కాగితం పోదు.

మొట్టమొదటి తెరలోనే సమయం, కరెన్సీ పద్ధతికి ఇంగ్లీషు ఇండియా ఎంచుకున్నాం. భాష ఏదైనా ఉండవచ్చు, తేదీ, లక్షల కామాలు, కాగితం సైజు ఈ ఎంపిక మీద ఆధారపడతాయి. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ ఇక ఏమీ లేదనేదాకా నడిపి, మిగిలిన డ్రైవర్లు మదర్‌బోర్డు తయారీదారు సైటు నుంచే తీసుకున్నాను. అన్ని డ్రైవర్లూ ఒకే దాంట్లో అనే ప్యాకులు వాడలేదు. తెలుగు భాషను సెట్టింగ్స్‌లో చేర్చగానే గౌతమి, వాణి వాటంతటవే వచ్చాయి. పాత డిస్కు నుంచి తీసిన అను ఫాంట్లను యూజర్లందరికీ అన్న పద్ధతిలో ఎక్కించాను. టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు లేఖరి గారు లైసెన్సు కొన్నారు, డిఫెండర్ దాన్ని ఏమీ అనలేదు. ఆఫీస్ ఎక్కించి, వర్డ్ ఒక్కసారి కూడా తెరవకముందే పాత నార్మల్ టెంప్లేటు దాని స్థానంలో పెట్టాను. ప్రింటరు, ఫారం, వర్డ్‌లో కుదింపు ఐచ్ఛికం ఆపడం, చివరిగా వాడిన ప్రింటరునే డిఫాల్ట్ చేసే విండోస్ సెట్టింగ్ ఆపడం అన్నీ అయ్యాక ఒక సిస్టమ్ ఇమేజ్ తీసుకున్నాను. డేటా ఆ తర్వాతే. ఇమేజ్‌లో పార్టీల కాగితాలు ఉండకూడదు, ఇమేజ్ చిన్నదిగా ఉండాలి, ఈ రెండు కారణాలూ ఆ వరుసకు సరిపోతాయి.

వన్‌డ్రైవ్ ఫోల్డరు బ్యాకప్ ఆపేశాం. ఉచితంగా వచ్చే 5 జీబీ ఈ స్కానులకు చాలదు. బదులుగా రెండు బయటి డిస్కులు, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో. టెక్నీషియన్‌ను పిలిపించి, ఆయన ఎదురుగానే ఆయన ఖాతాలోంచి ఫైళ్లు తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాం. ఆయన సహకరించారు, రెండో ఇన్‌స్టాల్ జరుగుతుంటే కూర్చుని చూశారు కూడా.

తేదీలు మాత్రం సెట్టింగుతో బాగుపడలేదు. ప్రాంతం ఇండియాకు మార్చగానే పాత ఎంట్రీలు సరిగా కనిపించాయి. మధ్యలో అమెరికా అమరికలో కొట్టినవి, అప్పటిదాకా సరిగ్గా ఉన్నట్టు కనిపించినవి, తిరగబడ్డాయి. రోజు, నెల తిప్పే సూత్రం రాయడం నిమిషం పని. రాయలేదు. ఏ వరుస ఏ అమరికలో పడిందో ఫైలులో ఆనవాలు ఉండదు, సూత్రం సరైన తేదీని కూడా తిప్పేయగలదు. టైపిస్టు గారూ లేఖరి గారూ కూర్చుని రిజిస్ట్రేషన్ రసీదులతో ఒక్కొక్కటీ సరిచూసి దిద్దారు.

నేర్చుకున్నవి

ఈ కేసు తర్వాత క్లీన్ ఇన్‌స్టాల్ అడిగిన ప్రతి ఆఫీసులోనూ, ఏదీ చెరపకముందు, అక్కడ రోజూ తయారయ్యే కాగితం ఒకటి నా ఎదుట తయారు చేయించుకుంటున్నాను. డాక్టరు దగ్గరైతే ప్రిస్క్రిప్షన్, ఆడిటర్ దగ్గరైతే ఒక రిటర్ను. ఎక్కించాక అదే కాగితం అదే మనిషి చేత మళ్లీ తీయించి, రెండు ప్రింట్లూ వెలుతురుకు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాను. విండోస్ లేచిందా, ఇంటర్నెట్ వచ్చిందా అన్న పరీక్షలకు ఫాంటు మారినా, అంచు జరిగినా దొరకదు.

పాత డిస్కును పని మొదలవగానే రెండో డ్రైవుగా బిగించే అలవాటు కూడా మంచిది కాదు. ఇన్‌స్టాల్ సమయంలో కేబుల్ తీసి ఉండాలి, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు కదిలించకుండా పక్కన ఉంచాలి. టైపిస్టు చూపించడం మరిచిపోయింది ఏదో ఒకటి నెలాఖరుకు గుర్తొస్తుంది. ఇక్కడ గుర్తొచ్చింది ఎన్వలపుల మీద చిరునామా వేసే టెంప్లేటు. పాత డిస్కు బీరువాలోనే ఉంది కాబట్టి తీసి ఇవ్వగలిగాను.

గౌతమి చేసి సేవ్ చేసిన ఆ కొన్ని పాత ఫైళ్లకు పాత డిస్కులో అసలు ప్రతులు దొరికాయి, రెండింటికి తప్ప. ఆ రెండింటిలో తెలుగు పేరాలను ఎంచి అను ఫాంటు వేసే పని టైపిస్టు గారు ఖాళీ దొరికినప్పుడు చేస్తున్నారు.